క్యారేజీ ఎక్కడ విప్పాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. పక్క సీట్లో కూచునే మనిషితో ఎంతవరకు కలవాలి, ఎక్కడ ఆగాలి అని. మూడూ ఒకేచోట ఇస్తున్నాను. మొదటి ఉత్తరం నాలుగు పేజీలుంటే కొంత తగ్గించాను, రాసినమ్మాయి ఏమనుకోదనుకుంటా.

ప్రశ్న: మేడమ్, నాకు 29 ఏళ్లు. మాది గుంటూరు బ్రాడీపేట. రోజూ రైల్లో విజయవాడ వచ్చి గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. నాలుగేళ్లయింది, పని విషయంలో ఇంతవరకు మాట పడలేదు. కానీ ఎవరితోనూ కలవను. మధ్యాహ్నం నా సీట్లోనే క్యారేజీ విప్పి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తినేస్తాను. మిగతా ఏడుగురూ స్టాకు గది పక్కన బల్ల దగ్గర కూచుంటారు, వాళ్ల నవ్వులు ఇక్కడిదాకా వినపడుతుంటాయి. మొదట్లో రమ్మని పిలిచేవాళ్లు, తర్వాత మానేశారు. "ఆ అమ్మాయికి కాస్త పొగరు" అని ఒకావిడ అనడం నా చెవినే పడింది.

నేను మొదట్నుంచీ ఇలా లేను. ఇంతకుముందు పనిచేసిన చోట ఒకావిడను సొంత అక్కలా అనుకుని, నా నిశ్చితార్థం ఎందుకు తప్పిపోయిందో చెప్పుకున్నాను. వారం తిరక్కుండా అది మా సారు దాకా వెళ్లింది. నేనెప్పుడూ మాట్లాడని ఒకాయన లిఫ్టు దగ్గర ఆపి "పోనీలేమ్మా, అంతా మన మంచికే" అని ఓదార్చాడు. ఆ ఓదార్పు విన్నాక ఆ ఆఫీసులో ఉండబుద్ధి కాలేదు. ఇక ఎవరికీ ఏమీ చెప్పకూడదని అప్పుడే అనుకున్నాను.

మొన్న ఏప్రిల్లో కొత్త ఆర్థిక సంవత్సరానికి టాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) కొత్త కంపెనీ, అంటే కొత్త లెక్కల పుస్తకం లాంటిది, తెరిచారు. ఆ మాట టీ దగ్గర అనుకున్నారట, నాకు తెలీదు. రెండు రోజులు పాతదాంట్లోనే ఎంట్రీలు కొట్టాను. నూట నలభై బిల్లులు మళ్లీ కొట్టుకుంటూ రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉండాల్సొచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ సాయానికీ రాలేదు. అమ్మేమో "ఎవరితోనూ పూసుకు తిరక్కు, నీ పని చూసుకుని ఇంటికి రా" అంటుంది. తమ్ముడు "కాస్త కలువక్కా" అంటాడు. నేను మారాలా? నిజం చెప్పాలంటే నాకు ఒక్కదాన్నే తినడం ఇష్టం.
— పేరు వద్దు, గుంటూరు

జవాబు: ముందు ఆ ఆఖరి మాట సంగతి చూద్దాం. ఇష్టమైతే తిను తల్లీ. పొద్దున్నే నంబూరు, మంగళగిరి దాటి కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం ఆగిపోయిన పెట్టెలో చెమటలు కక్కుతూ నిలబడి, రోజంతా అంకెలు చూసి, సాయంత్రం మళ్లీ అదే పెట్టెలో పడి ఇల్లు చేరే మనిషికి మధ్యాహ్నం ఓ అరగంట తనకంటూ ఉంటే తప్పేంటి? నేనూ ముప్పై ఏళ్లకు పైగా బెజవాడలో ఉద్యోగం చేశాను, మొదటి రెండేళ్లు బీరువా చాటున గోడవైపు తిరిగి తిన్నదాన్నే. కాబట్టి నీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

పొగరు మాట కూడా పక్కన పెట్టు. మన వైపు ఆడపిల్ల మాట్లాడకపోతే పొగరంటారు, మాట్లాడితే నోరెక్కువంటారు. రెండింటికీ మధ్య సరిగ్గా ఎన్ని మాటలు మాట్లాడాలో కొలిచి చెప్పినవాళ్లు నాకైతే ఇంతవరకు కనపడలేదు.

నీ ఉత్తరంలో నాకు అసలు సంగతి అనిపించింది ఆ నూట నలభై బిల్లులు. అందులో తప్పు నీది కాదు. కొత్త కంపెనీ తెరిచినప్పుడు ఎంట్రీలు కొట్టే మనిషికి చెప్పాలి కదా, టీ తాగుతూ ఎవరో ఎవరితోనో అంటే అది చెప్పినట్టు ఎలా అవుతుంది? రేపే మీ సారు దగ్గరకు వెళ్లి, "సార్, మొన్న బిల్లులన్నీ రెండుసార్లు కొట్టాల్సొచ్చింది, ఇకమీద ఏ మార్పున్నా గ్రూపులో ఒక ముక్క పెట్టించండి" అని అడుగు. గొంతు పెంచనక్కర్లేదు, ఏడుపు మొహమూ వద్దు. ఇది స్నేహాలకు సంబంధించిన విషయం కాదు, ఆఫీసు నడవాల్సిన పద్ధతి.

అయితే ఒకటుంది. ఎంత పద్ధతిగా గ్రూపులో పెట్టినా మన ఆఫీసుల్లో సగం పని నోటిమాట మీదే నడుస్తుంది, అది నీకు తెలియంది కాదు. ఏ పార్టీ చెక్కు వెనక్కొచ్చింది, ఆడిటరు గారు మంగళవారం వస్తారా బుధవారమా, ఇరవయ్యో తారీకు జీఎస్టీఆర్-3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్ను) వేసేలోపు ఏ సప్లయరు బిల్లు ఇంకా 2బీలో (మన కొనుగోళ్ల జీఎస్టీ పట్టీలో) కనపడలేదు, ఇవన్నీ టీ గ్లాసులతోపాటే చేతులు మారుతుంటాయి. నువ్వు ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు పుకార్లతోపాటు ఇవీ నీ చెవిన పడవు.

నీకు జరిగిన దెబ్బ చిన్నదేం కాదు. కానీ అప్పుడు నువ్వు చేసిన పని ఒకటి, ఇప్పుడు మానేసిన పని ఒకటి. అప్పుడు ఒక మనిషికి మనసు విప్పావు. ఇప్పుడు ఏడుగురితో మాట కలపడం మానేశావు. ఒకదానికి రెండోది శిక్ష ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. ఇంటి సంగతులు, పెళ్లి సంగతులు, జీతమెంత, అప్పులెన్ని, వీటికి తాళం వేసి ఆ తాళంచెవి అమ్మకే ఇచ్చుకో, ఆవిడ చెప్పింది అక్కడికి కరెక్టే. "ఎండలు మండిపోతున్నాయండీ", "మీ బాబు జ్వరం తగ్గిందా?" లాంటి మాటలకు తాళం ఎందుకు?

ఒక సంగతి చెప్తాను. 2024 సెప్టెంబరు 1 ఆదివారం. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కలంతా మునిగిపోయింది, మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను. సోమవారం వచ్చినవాళ్లం వచ్చి, ఎవరెవరు నీళ్లలో చిక్కుకున్నారో ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాం. ఫలానా ఆవిడది పైఅంతస్తు, పర్లేదు. ఫలానా ఆయన భార్యాపిల్లల్ని శనివారమే అత్తారింటికి పంపాడు. ఇలా ఒక్కొక్కరి సంగతీ ఎవరో ఒకరికి తెలుసు. డెస్పాచ్‌లో ఒకాయన ఉండేవాడు, ఆరేళ్లుగా మాతోనే ఉన్నాడు, పొద్దున తలూపడం, సాయంత్రం తలూపడం, అంతే. సింగ్‌నగర్ అని మాత్రం తెలుసు. ఏ వీధి అంటే అందరం మొహమొహాలు చూసుకున్నాం. ఫోను స్విచాఫ్, కరెంటు లేక ఆ ఏరియాలో అందరి ఫోన్లూ అంతే. ఇంట్లో ఎంతమంది ఉంటారో కూడా ఎవరికీ తెలీదు. చివరికి బీరువాలోంచి పీఎఫ్ నామినేషన్ ఫారం తీసి చూస్తే అడ్రసు దొరికింది. అది కూడా రెండిళ్ల కిందటిది.

పైన డ్రోన్లతో అన్నం పొట్లాలు వేస్తున్నారు, కింద పడవలు తిరుగుతున్నాయి. మా కుర్రాళ్లిద్దరు ట్రాక్టరు ఎక్కి, నీళ్లలో దిగి, ఆ పాత ఇంటివాళ్లను అడిగి, అక్కడినుంచి ఇంకో వీధి పట్టుకుని, మూడో రోజుకు ఆయన్ను చూశారు. ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు, మేడ మీద. పాల ప్యాకెట్లు అందిస్తుంటే ఆయన చేతులు వణికాయని మా కుర్రాడు చెప్పాడు.

ఆ తర్వాత ఆయనేదో అందరితో కలిసిపోయాడని కథ చెప్పబోవడం లేదు. నేను రిటైరయ్యే రోజు వరకూ ఆయన ఒక్కడే తిన్నాడు. కాకపోతే నీళ్లు తగ్గి డ్యూటీకొచ్చిన రోజు, గోడ మీది క్యాలెండరు తిప్పి వెనకవైపు తన అడ్రసూ బావమరిది నంబరూ పెన్నుతో రాసి, మళ్లీ మామూలుగా తగిలించి వెళ్లాడు. ఎవరూ రాయమనలేదు.

ఇంకోటి, చదువుకున్నదానివి కాబట్టి చెప్తున్నా. అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ దగ్గర ఉద్యోగాలు మారినవాళ్లను కొందరిని అడిగి 1973లో ఒక వ్యాసం రాశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో నూటికి పదిహేడు మందికే ఆ కబురు తరచూ కలిసేవాళ్లు చెప్పారట. మిగతావాళ్లందరికీ చెప్పింది ఎప్పుడో అప్పుడప్పుడు, లేదా ఏ ఏడాదికో కనపడే మనుషులు. ఎందుకంటే మన ప్రాణస్నేహితులకు తెలిసింది మనకూ ముందే తెలిసి ఉంటుంది, కొత్త కబురు ఎప్పుడూ కాస్త దూరపు మనిషి దగ్గరే ఉంటుంది. బెజవాడ హోల్‌సేల్ షాపుల్లో పనిచేసేవాళ్లకు ఇది అమెరికావాడు చెప్పాలా? ఎక్కడ అకౌంటెంటు సీటు ఖాళీ అయిందో మెడికల్ రెప్‌కి ముందు తెలుస్తుంది. ఆ రెప్‌ని నువ్వు "కూచోండి, సారు వస్తున్నారు" అని పలకరించి ఉంటే చాలు.

ఇక ఏం చేయాలంటావా, వారానికి ఒక్కరోజు. శుక్రవారం అనుకో. ఆరోజు క్యారేజీ పట్టుకుని ఆ బల్ల దగ్గరకు వెళ్లు, మిగతా రోజులు నీ సీట్లోనే తిను. మొదటి శుక్రవారం అందరూ ఒక్కసారి ఆగి నీవైపు చూస్తారు, అది తప్పదు, నిమిషంలో సర్దుకుంటుంది. ఒక గిన్నె అదనంగా పట్టుకెళ్లు. గుంటూరు పిల్లవి, ఇంట్లో గోంగూర పచ్చడి లేదంటే ఎవరూ నమ్మరు. మూత తీసి బల్ల మధ్యలోకి జరుపు, "అమ్మ చేసింది, కారం ఎక్కువుంటుంది, చూసి వేసుకోండి" అను. ఆ రోజుకు అంతకంటే మాట్లాడక్కర్లేదు, మిగతాది పచ్చడి చూసుకుంటుంది. వాళ్లు వేసే కూర వద్దనకు. తినలేనిదైతే "అది నాకు పడదండీ" అని, ఇంకోటేదైనా స్పూనెడు అడిగి వేయించుకో. మన దగ్గర చేయి అడ్డంపెట్టి వద్దనేస్తే మనిషినే వద్దన్నట్టు తీసుకుంటారు.

పెళ్లి ప్రశ్న వస్తుంది. మొదటి శుక్రవారమే రావచ్చు. "చూస్తున్నారండీ, కుదిరితే మొదటి శుభలేఖ మీకే" అని నవ్వి, ఆ ఊపిరిలోనే "మీ పాపను ఇంటర్‌కి ఎక్కడ చేర్పిస్తున్నారు?" అని అడుగు. విజయవాడలో ఈ ప్రశ్నకు అరగంటకు తక్కువ జవాబు ఉండదు. ఎంపీసీనా బైపీసీనా, హాస్టలా డే స్కాలరా, ఫీజెంత, ఏ క్యాంపస్‌లో లెక్కల సారు మంచివాడు, ఇక నువ్వు ప్రశాంతంగా పెరుగన్నం కలుపుకోవచ్చు. ఎవరైనా మరీ తవ్వితే, "అవన్నీ ఇంట్లోవాళ్లు చూసుకుంటున్నారండీ" అని ఆపెయ్. రెండోసారి అడిగినా అదే మాట, అదే గొంతు.

ఇంకొకళ్ల గురించి ఆ బల్ల దగ్గర మాట మొదలైతే మాత్రం నువ్వు కలపకు. నిన్ను ఓదార్చిన ఆ లిఫ్టు పెద్దమనిషిని గుర్తు తెచ్చుకో, కడుపులో తిప్పుతుంది, నోరు దానంతటదే మూసుకుంటుంది.

ప్రశ్న: నమస్తే అండీ. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కంపెనీలో స్టోర్స్ ఇన్‌చార్జిని, 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. నేను అందరివాణ్ని. పుట్టినరోజు కేకు దగ్గర్నుంచి ఆసుపత్రి ఖర్చు దాకా ఎవరికేం కావాలన్నా ముందుంటాను. ఇప్పుడు అదే మీదికొచ్చింది. మాతో పనిచేసే ఒకతను 5 లక్షల చీటీ పాడుకుంటే ష్యూరిటీ సంతకం పెట్టాను. అతను ఉద్యోగం మానేశాడు, వాయిదాలు కట్టడం లేదు, ఫోన్ ఎత్తడు. చీటీ కంపెనీ వాళ్లు నాకు నోటీసు పంపారు. నా భార్య మాట్లాడటం మానేసింది. డబ్బు తిన్నది అతనైతే నన్నెలా అడుగుతారు?
— విజయవాడ

జవాబు: అడుగుతారు బాబూ. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షన్ అదే చెప్తుంది. వేరే షరతు రాసుకుంటే తప్ప, బాకీదారు ఎంత బాధ్యుడో ష్యూరిటీ పెట్టినవాడూ అంతే బాధ్యుడు. ముందు అతని వెంటపడి, అక్కడ దొరక్కపోతేనే మీ దగ్గరకు రావాలనే రూలేమీ లేదు. మీకు నెలనెలా జీతం వస్తుంది, మీరు సీట్లోనే దొరుకుతారు, వాళ్లకు మీరే సులువు.

ఆ నోటీసును టేబుల్ సొరుగులో పడేయకండి. రిజిస్టరైన చీటీ కంపెనీ అయితే ఈ తగాదాలు 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద చిట్స్ రిజిస్ట్రారు దగ్గరకు వెళ్తాయి. మీరు వెళ్లకపోతే మీ వెనకాలే తేల్చేస్తారు. కంపెనీకి వెళ్లి అసలు బాకీ ఎంత, వడ్డీ ఎంత, ఇంకెవరు ష్యూరిటీ పెట్టారు అని కాగితం మీద తీసుకోండి. మీతోపాటు ఇంకో ఇద్దరు సంతకం పెట్టి ఉంటే ముగ్గురూ కలిసి వెళ్లి మాట్లాడండి, భారం పంచుకోవచ్చు. మీరు కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఉంచుకోండి, ఎందుకంటే కట్టిన మేరకు అతని దగ్గర వసూలు చేసుకునే హక్కు పైన చెప్పిన కాంట్రాక్టు చట్టంలో 140, 145 సెక్షన్లు మీకిస్తాయి. ఒక లాయరుకు కాగితాలు చూపించండి, ఇది నాతో తేలే విషయం కాదు.

మీ స్వభావం మార్చుకోమని నేననను. మీలాంటివాళ్లు లేకపోతే ఆఫీసులో ఎవరికి రక్తం కావాల్సొచ్చినా పరిగెత్తేవాడు ఉండడు. పై అమ్మాయి తన చుట్టూ ఉన్న తలుపులన్నీ వేసుకుంటే మీరు బీరువా తలుపుతో సహా తెరిచిపెట్టారు, అదొక్కటి మూయండి. ఆసుపత్రి బయట రాత్రంతా కూచోండి, కేకు కొనండి, చేతి బదులు ఇవ్వాల్సొస్తే తిరిగి రాకపోయినా నిద్రపట్టేంతే ఇవ్వండి. సంతకం మాత్రం వద్దు. అడిగినప్పుడు "మా ఆవిడ ఒప్పుకోదు" అని ఆవిడ మీద నెట్టకండి, సగం మంది మగవాళ్లు చేసే పనే ఇది, ఊరందరి దృష్టిలో చెడ్డది ఆవిడవుతుంది. "ఒకసారి పెట్టి మునిగాను, ఇక పెట్టను" అని మీ మాటగా చెప్పండి. ఈ రాత్రి ఇంట్లో ఆ నోటీసు, మీ లెక్కలు అన్నీ ఆవిడ ముందు పెట్టండి. ఆవిడ కోపం డబ్బు గురించేనని మీరనుకుంటున్నారు. సంతకం పెట్టే ముందు ఒక్క మాట అడగలేదని కూడా అయ్యుంటుంది.

ప్రశ్న: మేడమ్, మాది శ్రీకాకుళం జిల్లా. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక షోరూమ్‌లో చేరి రెండు నెలలైంది. చేరిన మొదటి వారంలోనే ముగ్గురు నా ఇంటిపేరు అడిగారు, ఒకాయన నేరుగా "మీరేమిట్లు?" అన్నాడు. అప్పట్నుంచీ ఎవరితో మాట్లాడాలన్నా టెన్షన్. దూరంగా ఉండటమే మంచిదా?
— 24 ఏళ్లు, విజయవాడ

జవాబు: నాన్నా, ఈ ఊళ్లో ఆ ప్రశ్న పాతది, ఇంటిపేరు అడగడం దానికి వేసిన ముసుగు. కార్తీకమాసంలో చూడు, వనభోజనాలకు ఎవరి సంఘం బ్యానర్ వాళ్లే కట్టుకుని ఎవరి తోటకు వాళ్లు వెళ్తారు. ఆఫీసువాళ్లంతా కలిసి భవానీ ద్వీపం వెళ్తే, బ్యానర్ లేని వనభోజనం ఇంచుమించు అదొక్కటే. అది తప్పకుండా వెళ్లు.

నువ్వేమిటో నేనడగను, నువ్వూ చెప్పక్కర్లేదు. "మీరేమిట్లు" అంటే "శ్రీకాకుళమోళ్లం అండీ" అని నవ్వుతూ చెప్పు. మళ్లీ అడిగితే "ఆఫీసు పనికి దాంతో ఏం పనుందండీ?" అను, అప్పుడూ నవ్వుతూనే. చాలామంది అక్కడికి తగ్గుతారు. ప్రశ్న దాటి ఎవరైనా కులం పేరు పెట్టి తక్కువ చేసి మాట్లాడితే అది వేరే సంగతి. తారీకు, టైము, ఎవరు విన్నారు అన్నది రాసిపెట్టుకుని మేనేజరుకు రాతపూర్వకంగా ఇవ్వు. నువ్వు ఎస్సీ, ఎస్టీ వర్గాలకు చెందినవాడివైతే, నలుగురిలో అలా అవమానించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం కూడా.

కానీ ముగ్గురు అడిగారని ముప్పైమందికి దూరం కాకు. అడగనివాళ్లు ఎవరో ఈ రెండు నెలల్లో నీకు తెలిసే ఉంటుంది, టీకి వాళ్లతో వెళ్లు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు పలాసలో ఒక కేజీ జీడిపప్పు పట్టుకురా. గుళ్లు అక్కర్లేదు, బద్దలు చాలు, మొదటి ఏడాది జీతానికి అవే ఎక్కువ. షోరూమ్‌లో టీ టైముకు పేపరు పరిచి పోసి పక్కకు తప్పుకో. ఆ ముగ్గురూ అందరికంటే ముందొచ్చి గుప్పెడు తీసుకోకపోతే నాకు ఉత్తరం రాయి. తీసుకున్నా రాయి, ఉత్తరంతోపాటు ఓ పావుకిలో పంపినా నేనేం అనుకోను.